పియానో పోత ఇనుప ప్లేటుకు కొత్త పూత, అక్షరాలకు కొత్త నలుపు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నూరేళ్ళ నాటి గ్రాండ్ పియానో. తీగలన్నీ ఎలాగూ మార్చబోతున్నారు, ఇంకా దించలేదు. లోపలి పోత ఇనుప ప్లేటు, అంటే తీగల లాగుడు మోసే ఫ్రేము, దాని మీది బంగారు రంగు గోధుమ వన్నెకు తిరిగి అక్కడక్కడ పెచ్చులు లేచింది. ఉబ్బెత్తుగా పోతపోసిన కంపెనీ పేరు, పేటెంటు తేదీల మీది నలుపు చెరిగిపోయింది. ఏ రంగు వాడాలి, అక్షరాలు చేత్తో దిద్దాలా, ప్లేటును శాండ్ బ్లాస్టింగ్‌కిచ్చి పౌడర్ కోటింగ్ చేయిస్తే పని తేలికవుతుందా అని అడిగారు.

చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను, మిగతా పనంతా దాని మీదే ఆధారపడుతుంది కాబట్టి. శాండ్ బ్లాస్టింగ్ వద్దు, పౌడర్ కోటింగ్ అసలే వద్దు. ప్లేటు మీది అక్షరాలు సాధారణంగా మిల్లీమీటరో రెండు మిల్లీమీటర్లో ఎత్తుంటాయి. ఇసుక దెబ్బకు వాటి అంచులు గుండ్రబడతాయి. పౌడర్ పూత మందంగా పరుచుకుని అక్షరాల మధ్య సందుల్ని పూడ్చేస్తుంది. అదీగాక ఆ పౌడర్‌ను 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. ఆ వేడికి ఫ్యాక్టరీలో ఎప్పుడో పెట్టిన లప్పం పొంగి ఊడొస్తుంది, పోత ఇనుములోని సన్నటి రంధ్రాల్లో చిక్కుకున్న గాలీ నూనే బయటికి తన్నుకొచ్చి పూత మీద బొబ్బలు లేస్తాయి. అంచు పోయిన అక్షరానికి ఎంత చెయ్యి తిరిగినవాళ్ళు నలుపు దిద్దినా గీత తేటగా రాదు. అక్షరాలు బాగా వస్తాయా రావా అన్నది కుంచె పట్టడానికి చాలా ముందే, గీకుడు, లప్పం, ప్రైమర్ దగ్గరే తేలిపోతుంది. కింద చెప్పేదంతా ఆ అంచుల్ని కాపాడుకోవడం గురించే అనుకోండి.

ముందు తీగలు దించే సంగతి. ప్లేటు ఎంత బరువు లాగుడు మోస్తోందో తెలిస్తే ఇందులో తొందర ఎందుకు పనికిరాదో అర్థమవుతుంది. గ్రాండ్‌లో సుమారు 230 తీగలుంటాయి. ఒక్కొక్కటి 70 నుంచి 90 కిలోల బిగువుతో లాగుతుంది, మొత్తం 16 నుంచి 20 టన్నుల దాకా పోతుంది. చెక్క చట్రం ఒక్కటే ఇంత లాగుడు తట్టుకోలేదు. అందుకే 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ స్క్వేర్ పియానో కోసం ఒకే ముక్కగా పోసిన ఇనుప ఫ్రేముకు పేటెంటు తీసుకున్నాడు. 1843లో జోనాస్ చికరింగ్ అలాంటి ఫ్రేమును గ్రాండ్‌కు తెచ్చాడు. 1859లో స్టైన్‌వే కంపెనీ, బాస్ (మంద్ర స్వరాల) తీగలు మిగతా తీగల మీదుగా ఏటవాలుగా పోయే అమరికకు గ్రాండ్‌లో పేటెంటు పొందింది. పాత ప్లేట్ల మీద పేటెంటు తేదీలు అంత గొప్పగా పోతపోసుకోవడానికి కారణం ఆనాటి ఆ పోటీయే. మీ ప్లేటు మీద ఏదో మూలన ఉన్న చిన్న తేదీ కూడా ఆ పియానో పుట్టుపూర్వోత్తరాలు చెప్పే ఆధారం. అందంగా లేదనో అరిగిపోయిందనో దాన్ని లప్పం కింద కప్పేయకండి.

పోత ఇనుము నొక్కుడుకు గట్టిదే గాని వంపుకూ దెబ్బకూ ఆగదు. వంగదు, పగిలిపోతుంది. కాబట్టి తీగల్ని ఒక కొస నుంచి మొదలుపెట్టి వరసగా తెంపుకుంటూ పోవద్దు. ప్లేటుకు ఒకవైపు బరువు పోయి రెండోవైపు అలాగే ఉండటం ప్రమాదం. తీగల్ని బిగించే ట్యూనింగ్ పిన్నుల్ని బాస్ నుంచి ట్రెబుల్ (తార స్వరాల) దాకా అన్నిటినీ కొద్దికొద్దిగా, రెండు మూడు విడతల్లో వదులు చేయండి. అంతా సడలాకే తీగలు తీయండి. కళ్ళకు అద్దాలు పెట్టుకోండి. ఇంకొక మాట: తీగలు బిగువుగా ఉన్నప్పుడే కొలవాల్సినవి కొన్నుంటాయి. సౌండ్‌బోర్డు (నాదమిచ్చే చెక్క పలక) మీద తీగలు ఆనే బ్రిడ్జి మీద వాటి ఒత్తిడి ఎంత, రిమ్ (చుట్టూ ఉండే చెక్క గోడ) నుంచి ప్లేటు ఎత్తు ఎంత, ఏ స్వరానికి ఏ మందం తీగ ఉందో ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే తర్వాత తెలుసుకోవడానికి దారి ఉండదు.

గ్రాండ్ ప్లేటు నూరు కిలోలు దాటడం మామూలే. ఇద్దరు మనుషులతో ఎత్తే ఆలోచన పెట్టుకోకండి. చైన్ పుల్లీ గాని, కారు ఇంజన్లు ఎత్తే చిన్న క్రేను గాని కావాలి. చుట్టూ ఉన్న స్క్రూలన్నీ తీశాక కూడా ప్లేటు కదలకపోతే బలవంతం చేయవద్దు. ఎక్కడో ఫెల్టు కిందో, పిన్‌బ్లాక్ (ట్యూనింగ్ పిన్నులు దిగే చెక్క దిమ్మ) లోకో దిగిన స్క్రూ ఇంకొకటి ఉందన్నమాట. మధ్యలో సౌండ్‌బోర్డును దాటి పైకి వచ్చే పెద్ద బోల్టులుంటాయి, వాటిని నోస్ బోల్టులంటారు. వాటి పైనున్న నట్టు మాత్రమే తీయండి, బోల్టును తిప్పవద్దు. ఆ బోల్టు భుజం ఎత్తే ప్లేటు ఎక్కడ ఆనాలో నిర్ణయిస్తుంది. ప్రతి స్క్రూకూ దాని స్థానం రాసిన చీటీ ఉండాలి. ఎత్తిన ప్లేటును మెత్తటి గుడ్డ వేసిన బల్లల మీద, నాలుగైదు చోట్ల ఆనేలా, చదునుగా పెట్టండి. ఒక్క అంచు మీద గోడకు చేరేసి వదిలేయకండి.

రంగు జోలికి పోకముందే రికార్డు చేసుకునే పని ఒకటుంది. చాలామంది నాలుగు ఫోటోలు తీసి సరిపెట్టుకుంటారు, అది చాలదు. ఉబ్బెత్తు అక్షరాల మీద పలుచటి కాగితం పరిచి మెత్తటి పెన్సిలుతో రుద్ది నకలు తీసుకోండి. అక్షరం ముఖం ఎంత వెడల్పు, మూలలు ఎంత పదునుగా ఉన్నాయి అన్నది ఆ కాగితం మీద ఫోటోలో కన్నా బాగా తెలుస్తుంది. చదునుగా రాసినవి, అంటే స్టెన్సిల్ సీరియల్ నంబరు, డెకాల్ (అంటించే అచ్చుబొమ్మ), సన్నటి అంచు గీతలు, పూల చిత్రాలు ఉంటే ట్రేసింగ్ కాగితం మీద గీసుకోండి. పక్కనున్న ఏదో ఒక బోల్టు రంధ్రం నుంచి ఎంత దూరంలో ఉన్నాయో కొలిచి రాయండి. నలుపు అక్షరం పై ముఖానికి మాత్రమే ఉందా, పక్క గోడల మీదికి కూడా దిగిందా చూడండి. కొన్ని ప్లేట్ల మీద అసలు పద్ధతే తిరగేసి ఉంటుంది: వెనక పలక నల్లగా, అక్షరాలు బంగారు రంగులో. అది తెలియక మామూలు పద్ధతిలో దిద్దేస్తే ఇంతా చేసి వేరే పియానో తయారవుతుంది.

అసలు బంగారు ఛాయ ఏదో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. పైకి కనిపించే గోధుమ రంగు మోసం చేస్తుంది. పాత వార్నిష్ పచ్చబడటం, రాగి కలిసిన పొడి నల్లబడటం, పొగ, దుమ్ము అన్నీ అందులో కలిసి ఉంటాయి. తీగల కింద అంటించిన ఫెల్టు పట్టీని మెల్లగా లేపి చూడండి. వెలుతురు తగలని ఆ చోట రంగు దాదాపు పోసిన రోజున్నట్టే ఉంటుంది. తీగలు దూరి వెళ్ళే చిన్న ఇత్తడి మరల్లో (వీటిని అగ్రాఫ్‌లంటారు) ఒకటి విప్పితే దాని భుజం కింద సన్నటి ఉంగరం వెడల్పున అసలు పూత దొరుకుతుంది. దాన్ని పగటి వెలుతురులోనూ దీపం వెలుగులోనూ చూసి రంగు మచ్చు ముక్కలతో పోల్చండి. పాతకాలపు ప్లేట్లు చాలావరకు రాగి ఛాయ కలిసిన లోతైన బంగారు రంగులో ఉంటాయి. ఈనాటి స్ప్రే డబ్బాల పచ్చటి మెరుపు వాటికి నప్పదు.

ఇక శుభ్రం చేయడం. ముందు వాక్యూమ్, తర్వాత మినరల్ టర్పెంటైన్‌తో జిడ్డు తుడవడం. ఫర్నిచర్ పాలిష్ ఏదీ దగ్గరికి రానివ్వకండి. అందులో సిలికాన్ ఉంటే కొత్త పూత చేపకళ్ళలా గుంటలు పడి విడిపోతుంది. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది కాబట్టి పొడిగా గీకవద్దు. తడిపి గీకండి, సరైన ఫిల్టరున్న మాస్కు పెట్టుకోండి, గుడ్డలు, బురద విడిగా పారేయండి.

పాత పూత మొత్తం తీసేయాలా అంటే, నా అభిప్రాయం: గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని తీయకండి. బ్లేడుతో అడ్డంగా నిలువుగా సన్నటి గీతలు పెట్టి, గట్టి టేపు అంటించి లాగండి. టేపుతో పాటు ముక్కలు రాకపోతే ఆ పూతే మీకు మంచి పునాది. ఇసుక అచ్చులో పోసిన ఇనుము పైభాగం గరుకుగా ఉంటుంది. ఫ్యాక్టరీలో దాన్ని లప్పంతో నింపి, రుద్ది, నునుపు చేసేవాళ్ళు. ఆ కష్టమంతా తీసి పారేస్తే మళ్ళీ మీరు చేయాల్సిందే, అదీ అక్షరాల చుట్టూ. జపాన్‌లో పుట్టిన వాక్యూమ్ అచ్చు పద్ధతిలో పోసిన ఈ కాలపు ప్లేట్లు పోతలోనే నునుపుగా వస్తాయి. మీ పియానో వయసును బట్టి చూస్తే మీది ఇసుక అచ్చులో పోసినదే.

పెచ్చులు లేచిన చోట మాత్రం గట్టి పూత దాకా తీసి, అంచుల్ని 220, ఆ తర్వాత 320 నంబరు ఎమరీ కాగితంతో పలుచబడేలా రుద్దండి. చదునైన చోట్ల కాగితాన్ని చెక్క దిమ్మకు చుట్టి రుద్దవచ్చు. అక్షరాలున్న చోట దిమ్మా వద్దు, రుద్దే యంత్రమూ వద్దు. వెదురు పుల్ల కొసను చదునుగా చెక్కి, దానికి సన్నటి కాగితం చుట్టి అక్షరాల మధ్య చేత్తో తిప్పండి. అక్షరాల సందుల్లో పాత రంగు పొరలుపొరలుగా పేరుకుని ఉంటే అక్కడికి మాత్రమే జెల్ లాంటి పెయింట్ రిమూవర్ రాసి, మెత్తబడ్డాక వెదురు పుల్లతో, మెత్తటి ఇత్తడి బ్రష్‌తో లాగేయండి. ఇక్కడ ఎంత సమయం పెట్టినా వృథా కాదు. అక్షరం గోడ పలక నుంచి నిట్టనిలువుగా లేచే ఆ మూల తేటగా కనిపించాలి.

ఇనుము బయటపడిన చోట, గాలిలో తేమ ఉంటే కొద్ది గంటల్లోనే తుప్పు పొడ కనిపిస్తుంది. అదే రోజు తుడిచి ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. పాత పూత ఏమిటో తెలియకపోతే, కనిపించని చోట లక్కర్ థిన్నర్ తడిపిన దూదిని కొన్ని సెకన్లు ఆనించండి. కరిగితే అది లక్కో లక్కరో, భయం లేదు. ముడతలు పడితే మాత్రం కింద నూనె రంగు ఉన్నట్టు. దాని మీద నేరుగా లక్కర్ కొడితే ప్లేటంతా ముడతలే. మైనం తీసిన లక్కను పలుచగా అడ్డుపొరగా వేసి, అది ఆరాక మచ్చు చూసుకుని ముందుకు వెళ్ళండి.

లప్పం చదునైన మైదానాలకే. అక్షరాలకు నాలుగైదు మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోవాలి. అక్షరాలున్న పలకకు పలుచటి ప్రైమర్ తప్ప మరేదీ పట్టించవద్దు. అక్కడ ఇనుము కొంచెం గరుకుగా కనిపించినా పర్వాలేదు, నలుపు దిద్దాక కన్ను అక్షరం మీదికే పోతుంది. విరిగిన అక్షరముంటే ఎపాక్సీ మెటల్ పుట్టీతో కొంచెం ఎత్తుగా పెంచి, పూర్తిగా గట్టిపడ్డాక సూది ఆకురాయితో ఆకారం తేవాలి. అదే అక్షరం ప్లేటు మీద ఇంకెక్కడైనా ఉంటే దాని పెన్సిలు నకలును కత్తిరించి కొలతగా పెట్టుకోండి. ఊహతో చెక్కిన అక్షరం పక్కవాటి మధ్య ఎప్పటికీ వేరుగానే కనిపిస్తుంది.

స్ప్రేకు ముందు మూయాల్సిన చోట్లు చాలా ఉన్నాయి. పూత వల్ల పియానో నాదం మారుతుందేమోనని కొందరు భయపడతారు. ప్లేటు మీద పలుచటి రంగు పొరతో వినదగ్గ తేడా రాదు. తీగ ఆనే చోట రంగు పడితే మాత్రం తప్పకుండా వస్తుంది. ట్రెబుల్‌లో తీగలు నొక్కుకునే కాపో బార్ అడుగు అంచు మీద చుక్క రంగు కూడా ఉండకూడదు. అగ్రాఫ్‌లు వరస తప్పకుండా, కింద వాషర్లుంటే వాటితో సహా తీసి పెట్టుకోవాలి. వెనక కొసన తీగలు ఆనే చిన్న చిన్న లోహపు అలికోట్ ముక్కలుంటే ఒక్కొక్కటి ఎక్కడిదో గుర్తు పెట్టాలి. పిన్‌బ్లాక్‌కు ఒరుసుకునే ప్లేటు అంచు ముఖాన్ని టేపుతో మూసేయాలి. అక్కడ రంగు మందంగా పేరుకుంటే బ్లాక్‌కూ ప్లేటుకూ ఉన్న బిగింపు చెడుతుంది. ట్యూనింగ్ పిన్నుల రంధ్రాల్లోకి రంగు దిగకుండా బిరడాలు పెట్టండి. తీగల వెనక కొసలు తగిలించే హిచ్ పిన్నులకు సన్నటి రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే తర్వాత ఒక్కొక్కటీ గీకే బాధ తప్పుతుంది.

బంగారు రంగుకు రెండు దారులున్నాయి. ఒకటి పాతది: రాగి, జింకు కలిసిన కంచు పొడిని లక్కర్‌లో కలిపి కొట్టడం. ఆ లోతు, ఆ వెచ్చదనం దీనికే వస్తాయి. కాని రాగి మామూలు నైట్రోసెల్యులోజ్ లక్కర్‌లోని ఆమ్లంతో కలిసి క్రమంగా ఆకుపచ్చగా తిరుగుతుంది, డబ్బాలో జిగురులా గడ్డకడుతుంది. అందుకే ఏ పూటకు కావలసింది ఆ పూటే కలుపుకోవాలి, వీలైతే కంచు పొడి కోసమే తయారైన ఆమ్లం తక్కువ లక్కర్ వాడాలి. రెండోది మైకా ఆధారంగా చేసిన ముత్యపు మెరుపు రంగులు. వీటిలో రాగి లేదు కాబట్టి నల్లబడవు. కాని కింది రంగును పూర్తిగా కప్పవు, ముందు గోధుమ లేదా పసుపు ఛాయలో అడుగు పూత వేయాలి. నూరేళ్ళ పియానోకు నేనైతే కంచు పొడే ఎంచుకుంటాను, పైన పారదర్శక పూత తప్పక వేస్తాను. ఏది వాడినా నల్ల అట్టముక్క మీద కొట్టి చూసి, రెండు పూతల్లో నలుపు కనబడకుండా పోయేంత పొడి కలపండి.

కొట్టేటప్పుడు పొడి అడుగుకు దిగిపోతూ ఉంటుంది, గన్ కప్పును మాటిమాటికీ కుదపాలి. 1.4 నుంచి 1.8 మిల్లీమీటర్ల నాజిల్ సరిపోతుంది. ప్లేటు చదునుగా పడుకోబెట్టి, ముందు కడ్డీల పక్క గోడలు, లోతట్టు మూలలు కొట్టుకుని, ఆ తర్వాత పై ముఖాలు. తడిగా కొడితే లోహపు రేకులు ఈదులాడి మబ్బులు కట్టినట్టు మచ్చలు పడతాయి. చివరి పూత కొంచెం దూరం నుంచి, పలుచగా, పొగమంచు పడ్డట్టు కొడితే మచ్చలు సమసిపోతాయి. అక్షరాల మీద గన్‌ను నాలుగు దిక్కుల నుంచి పలుచగా తిప్పండి. ఒకే దిక్కు నుంచి నిండుగా కొడితే ఒక గోడ పక్కన రంగు కుప్పపడి, ఎదుటి గోడ బోసిగా మిగులుతుంది. గాలిలో తేమ బాగా ఉన్న రోజున లక్కర్ తెల్లబారుతుంది. ఆ రోజుకు పని ఆపేయడం మంచిది, తప్పదంటే ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ కలపండి. కంచు పొడి ఊపిరితిత్తులకు చెడ్డది, లక్కర్ ఆవిరి నిప్పంటుకుంటుంది. ఆవిరిని ఆపే కార్ట్రిడ్జి మాస్కు, ధారాళంగా గాలి, దగ్గరలో మంట, నిప్పురవ్వ లేకపోవడం ఈ మూడూ లేకుండా గన్ పట్టుకోవద్దు.

బంగారు పొర మీద ఎమరీ కాగితం పెట్టకూడదు. రేకులు తెగి నల్లటి మరకలవుతాయి. ఒట్టి చేత్తో తాకినా కొన్నాళ్ళకు వేలిముద్ర నల్లగా తేలుతుంది. ఆరగానే, అదే రోజు, పలుచగా రెండు పూతల పారదర్శక లక్కర్ వేసేయండి. నలుసులేమైనా పడితే ఆ పారదర్శక పొరలోనే 600 కాగితంతో మెల్లగా తీయండి. రెండు భాగాలుగా కలిపే యూరేథేన్ గట్టిగా ఉంటుంది నిజమే. కాని అందులోని ఐసోసైనేట్లు ఊపిరికి ప్రమాదం, రేపు చిన్న గీత పడితే అతుకు కలవదు. ఇంట్లో పనిచేసేవాళ్ళకు లక్కరే మేలు.

ఇప్పుడు అక్షరాలు. పారదర్శక లక్కర్ బాగా ఆరాక, కనీసం నాలుగు రోజులు ఆగి, దాని మీద సైన్‌బోర్డులు రాసేవాళ్ళు వాడే నూనె ఎనామిల్‌తో దిద్దమంటాను. కారణం ఒక్కటే: ఆ ఎనామిల్‌ను మినరల్ టర్పెంటైన్ కరిగిస్తుంది, ఆరిన లక్కర్‌ను అది ఏమీ చేయదు. కాబట్టి గీత దాటితే తుడిచేసుకోవచ్చు, కింద బంగారం చెక్కుచెదరదు. నల్ల లక్కర్‌తో దిద్దితే ఈ వెసులుబాటు ఉండదు, థిన్నర్ కింది పొరలన్నిటినీ కరిగిస్తుంది. అలవాటున్న చెయ్యికైనా ఈ తుడుచుకునే వీలు పెద్ద బలం.

కొందరు ఇంకో దారి పడతారు. ముందు అక్షరాల పలకంతా నల్లగా కొట్టి, దాని మీద బంగారం కొట్టి, దిమ్మకు చుట్టిన కాగితంతో అక్షరాల పైముఖాలు రుద్ది నలుపు బయటపెడతారు. వేగంగా అవుతుంది. కాని పోత అక్షరాలన్నీ ఒకే ఎత్తులో ఉండవు. ఎత్తైన దాని మీద ప్రైమర్ బయటపడేసరికి పక్క అక్షరం మీద బంగారం ఇంకా మిగిలే ఉంటుంది. పాత ప్లేటుకు నేనిది చేయను.

కుంచె విషయానికొస్తే, పొడవాటి వెంట్రుకలున్న మెత్తటి లైనర్ కుంచె ఒకటి, వెడల్పు అక్షరాలకు అయిదారు మిల్లీమీటర్ల చదును కుంచె ఒకటి చాలు. ఎనామిల్‌లో కొద్ది చుక్కలు టర్పెంటైన్ కలిపి గాజు పలక మీద చుక్క వేసి చూడండి. చుక్క దానంతటదే చదును కావాలి, పరుగెత్తకూడదు. ప్లేటు చదునుగా, నడుము ఎత్తులో ఉండాలి. రెండు దిమ్మల మీద అడ్డంగా కర్ర పెట్టి మణికట్టు దాని మీద ఆనించండి, లేకపోతే పది నిమిషాలకే చెయ్యి వణుకుతుంది.

దిద్దే తీరు ఇదీ. నిండుగా ముంచిన కుంచెను గాజు మీద ఒకసారి తేల్చి, అక్షరం కడ్డీ నడిమధ్య ఆనించి రంగును వదలండి. తర్వాత కుంచె కొసతో ఆ రంగును అంచు వైపు తోయండి. కుంచెను అంచు దాకా తీసుకెళ్ళవద్దు. అర మిల్లీమీటరు ముందే ఆపితే రంగు తనంతట తానే పారి అంచు దగ్గర ఆగిపోతుంది. అక్కడ ద్రవం పైపొర బిగువు దాన్ని పట్టి ఉంచుతుంది. అంచు పదునుగా ఉంటే ఈ ఆగడం ఎంత చక్కగా జరుగుతుందో చూస్తే మీకే ముచ్చటేస్తుంది. అంచు గుండ్రబడిందో, లప్పంతో మొద్దుబారిందో, రంగుకు ఆగే చోటు తెలియక పక్క గోడ మీదుగా జారి పలకలోకి దిగుతుంది. ఇసుక దెబ్బ వద్దని మొదట్లో అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

చివరి వరస నుంచి, అంటే మీకు దూరంగా ఉన్న దాని నుంచి మొదలుపెడితే చెయ్యి తడి అక్షరాల మీద పడదు. ఎవరి కంటా పడని చిన్న పేటెంటు తేదీలతో చెయ్యి కుదుర్చుకుని, కంపెనీ పేరుకు ఆ తర్వాత రండి. ఎక్కడైనా దాటితే వెంటనే తుడవాలని కంగారుపడకండి. ఆ అక్షరం పూర్తి చేసి, వెదురు పుల్లకు పలుచటి నూలు గుడ్డ చుట్టి, టర్పెంటైన్‌లో ముంచి, గట్టిగా పిండి, అంచు పొడవునా ఒకే లాగుడులో తీయండి. గుడ్డ ప్రతిసారీ మార్చండి, లేకపోతే నల్లటి నీడ బంగారం మీద పరుచుకుంటుంది. మొదటి పూతలో అంచుల దగ్గర బంగారం తొంగిచూస్తే ఒకరోజు ఆరనిచ్చి రెండో పూత వేయండి. నలుపు మరీ అద్దంలా మెరవకుండా సగం మెరుపు ఎనామిల్ తీసుకుంటే పాత ప్లేటుకు నప్పుతుంది.

పెద్ద అక్షరాలు సమానమైన ఎత్తులో ఉంటే అచ్చుపనిలో వాడే గట్టి రబ్బరు రోలర్‌తో మొదటి పూత వేయవచ్చు. ముందు ఉక్కు స్కేలును అక్షరాల మీద అడ్డంగా పెట్టి, కింద ఎంత వెలుతురు కనిపిస్తోందో చూడండి. వెలుతురు సన్నగా, ఒకేలా ఉంటేనే రోలర్. రంగును గాజు మీద బాగా పలుచగా పరిచి, రోలర్‌ను తన బరువుతోనే దొర్లించండి. మెత్తటి స్పాంజి రోలర్ అయితే పలకలోకి దిగి అంతా పాడుచేస్తుంది. పల్లంగా మిగిలిన చోట్లు కుంచెతో పూర్తి చేయాలి. తిరగేసిన పద్ధతి, అంటే నల్లటి పలక మీద బంగారు అక్షరాలయితే, పలకను కుంచెతో నింపి అక్షరాల పైముఖాలను పిండిన గుడ్డ చుట్టిన చదును దిమ్మతో తుడవడమే.

దిద్దిన నలుపు మీద మళ్ళీ పారదర్శక లక్కర్ కొట్టవద్దు. పూర్తిగా గట్టిపడని ఎనామిల్ మీద లక్కర్ పడితే ముడుచుకుపోతుంది, మొదటికే మోసం వస్తుంది. ప్లేటు మీది అక్షరాలను ఎవరూ రోజూ తాకరు, పై పూత అవసరం లేదు. డెకాల్‌ల వరస మాత్రం వేరు: బంగారం, ఒక పలుచటి పారదర్శక పూత, దాని మీద డెకాల్, అది పూర్తిగా ఆరాక మళ్ళీ పారదర్శక పూత, ఉబ్బెత్తు అక్షరాల నలుపు అన్నిటికన్నా చివర. పాత కంపెనీల చిహ్నాలకు పియానో సామాను అమ్మేవాళ్ళ దగ్గర కొత్తగా అచ్చువేసిన డెకాల్‌లు దొరుకుతాయి. కొనే ముందు మీ ట్రేసింగ్ కాగితంతో కొలత సరిచూసుకోండి. సీరియల్ నంబరు స్టెన్సిల్‌తో వేసి ఉంటే అదే చోట, అదే ఆకారంలో మళ్ళీ వేయండి. సుత్తితో కొట్టి ముద్రించినదైతే ఆ గుంటల్లో ప్రైమర్ నిండకుండా చూసుకుంటే చాలు.

ప్లేటును తిరిగి దించే ముందు కనీసం రెండు వారాలు ఆగండి. కనిపించని చోట గోరు నొక్కి చూడండి, గుర్తు పడితే ఇంకా ఆరలేదు. పూత మెత్తగా ఉండగా తీగలు బిగిస్తే హిచ్ పిన్నుల దగ్గర తీగలు రంగులోకి దిగిపోతాయి. పిన్నుల చుట్టూ వేసే చెక్క బుషింగులు, ఫెల్టు పట్టీలు పూతంతా ఆరాకే. తీగలు కట్టే రోజుల్లో తెగిన తీగ ముక్కలు, పనిముట్లు పడి కొత్త పూత గీసుకుపోతుంది. అక్షరాలున్న చోటును శుభ్రమైన మందపాటి నూలు గుడ్డతో కప్పండి, గుడ్డను పక్కనున్న కడ్డీలకు తాడుతో కట్టండి. కొత్త నలుపు మీద మాత్రం మాస్కింగ్ టేపు అంటించవద్దు, తీసేటప్పుడు అక్షరాన్ని కూడా లేపుకొస్తుంది.